పెరట్లో పాము: చట్టం ఏమంటుంది, మనం ఏం చెయ్యాలి?

మన కాలేజీలో బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి వచ్చినవాళ్ళం చాలామందిమే ఉన్నాం. వానాకాలంలో ఇంటికి ఫోన్ చేస్తే అందరికీ వినిపించే వార్త ఒకటుంది: "నిన్న రాత్రి పెరట్లోకి పామొచ్చింది." దాని వెనకే వచ్చే రెండో మాట కూడా అందరిళ్ళలోనూ ఒకటే: "పక్కింటి బాబాయిని పిలిచి కొట్టించాం."

ఆ రెండో మాట గురించే ఈ వ్యాసం. పాముని కొట్టడం చట్టప్రకారం తప్పా? తప్పయితే మరి పసిపిల్లలున్న ఇంట్లోకి నాగుపాము వస్తే చూస్తూ కూర్చోవాలా? ఎవర్ని పిలవాలి? ఈలోగా కాటు పడితే ఏంటి? మాది దివిసీమే కాబట్టి ఈ ప్రశ్నలు నాకు చిన్నప్పట్నుంచీ ఉన్నాయి. జవాబులు మాత్రం ఈ మధ్యే కూర్చుని ఒక్కొక్కటీ చదువుకున్నాను. అవే మీతో పంచుకుంటున్నా.

2018 ఆగస్టులో ఏం జరిగింది?

ఆ ఏడాది ఆగస్టులో దివిసీమ పేరు దేశమంతా వినపడింది. అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు, చల్లపల్లి చుట్టుపక్కల కొద్ది వారాల్లోనే వందకు పైగా పాముకాట్లు నమోదయ్యాయి. ప్రాణాలు కూడా పోయాయి. ఆస్పత్రులకి విషం విరుగుడు మందు అదనంగా పంపించారు. నెలాఖరులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుళ్ళో సర్పశాంతి యాగం కూడా జరిపించారు. టీవీ చానెళ్ళు యాగాన్నే ఎక్కువ చూపించాయి. యాగం చెయ్యొచ్చా చెయ్యకూడదా అని చర్చలు పెట్టాయి. అసలు పాములు ఎందుకొచ్చాయో చెప్పినవాళ్ళు తక్కువ.

నిజానికి అందులో పెద్ద మర్మమేమీ లేదు. ఆగస్టు అంటే డెల్టాలో నాట్ల కాలం. కాలవలకి నీళ్ళొదులుతారు, పైనుంచి వానలు. చేలన్నీ నీళ్ళతో నిండిపోతే ఎలుక బొరియలు మునిగిపోతాయి. ఎలుకలు గట్లమీదకీ, గడ్డివాముల్లోకీ, ఇళ్ళల్లోకీ చేరతాయి. వాటి వెనకే పాములు. సరిగ్గా అదే సమయంలో నాట్లేసే ఆడవాళ్ళు, గట్లు చెక్కే మగవాళ్ళు చెప్పుల్లేని కాళ్ళతో అదే గట్లమీద నడుస్తుంటారు. ఉన్న కాస్త పొడినేలా ఇద్దరికీ కావాలి. కాట్లు పెరగడానికి అది చాలు.

వరదొస్తే కూడా ఇదే కథ. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందకి వదిలారు. అలాంటి వరదలో లంకల్లో మనుషులు ఏ మెరక మీదకి చేరతారో పాములూ ఆ మెరక మీదకే చేరతాయి. వాటికి మాత్రం వేరే దారేముంది?

మన చుట్టూ ఉన్నవి ఏవి?

మన దేశంలో పాముకాటు మరణాలకి ప్రధానంగా కారణమయ్యేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. చిన్నపింజర పొడినేలల్లో ఎక్కువ. డెల్టాలో మనం ముఖ్యంగా తెలుసుకోవలసినవి మొదటి మూడు.

నాగుపాము అందరికీ తెలుసు, పడగ విప్పుతుంది. పడగ విప్పిందంటే "దగ్గరకి రావద్దు" అని చెప్తోందన్నమాట.

రక్తపింజర బొద్దుగా ఉంటుంది, వీపు మీద గొలుసులా మూడు వరసల మచ్చలుంటాయి. కోపమొస్తే ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. గడ్డిలోనూ ఎండాకుల్లోనూ కలిసిపోయి కదలకుండా పడుంటుంది కాబట్టి చూడకుండా తొక్కుతాం. దాని విషం రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు, కిడ్నీల్ని దెబ్బ తీస్తుంది.

కట్లపాము నల్లగా నిగనిగలాడుతూ, సన్నని తెల్లని కట్లతో ఉంటుంది. పగలు దాదాపు కనిపించదు. రాత్రి నేలమీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు కూడా రాకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరాడకపోవడం. "ఏదో తేడా చేసింది" అనుకుని ఇంట్లోనే ఉంచేస్తే ప్రాణం మీదకొస్తుంది.

వీటి పక్కనే మనుషులకి ప్రాణాపాయం లేనివి ఎన్నో ఉన్నాయి. చేలల్లో ఎలుకల్ని తినే జెర్రిపోతు, కాలవల్లో చేపలు, కప్పలు తినే నీరుకట్టె, చెట్లమీద ఉండే పసిరిక పాము మనుషుల్ని చంపేవి కావు. కర్ర దెబ్బలు మాత్రం వీటికే ఎక్కువ పడతాయి. పగటిపూట మనకి కనపడేవి అవే కదా!

చట్టం ఏమంటుంది?

మన దగ్గరున్నది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. దాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి సవరణలు అమల్లోకి వచ్చాయి. నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు ఇప్పుడు షెడ్యూల్ 1లో ఉన్నాయి. అంటే పులి, ఏనుగు ఉన్న జాబితాలోనే. షెడ్యూల్ 1, 2లలో ఉన్న జంతువుల్ని వేటాడటాన్ని సెక్షన్ 9 నిషేధిస్తుంది.

"మేం వేటాడలేదు, ఇంట్లోకొస్తే కొట్టాం" అంటారా? చట్టంలో "వేట" అనే మాటకి అర్థం చాలా వెడల్పు. చంపడం, గాయపరచడం మాత్రమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వెయ్యడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. అందుకే మంచి మనసుతోనే అయినా, అటవీశాఖ అనుమతి లేకుండా పాముని పట్టి డబ్బాలో వేసుకోవడం తప్పే అవుతుంది. నాగుపాముని చేత్తో పట్టుకుని రీల్ చేసి పెట్టినవాళ్ళు తమ మీద తామే సాక్ష్యం తయారు చేసుకున్నట్టు. షెడ్యూల్ 1 జంతువు విషయంలో నేరం రుజువైతే 3 ఏళ్ళకి తగ్గకుండా 7 ఏళ్ళ వరకు జైలు, 25,000 రూపాయలకి తగ్గని జరిమానా.

ఇది విని మా ఊళ్ళో ఒక పెద్దాయన, "అయితే పాము ప్రాణం కంటే మనిషి ప్రాణం చవకా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా అదే చట్టంలో ఉంది. సెక్షన్ 11(2) ప్రకారం, తనని తాను గానీ ఇంకొకర్ని గానీ కాపాడుకోవడానికి సదుద్దేశంతో ఒక అడవి జంతువుని చంపినా, గాయపరచినా అది నేరం కాదు. అర్ధరాత్రి పసిపిల్ల పక్కమీదకి నాగుపాము ఎక్కితే ఆ తండ్రి చేసిన పనిని చట్టం నేరంగా చూడదు. కాకపోతే ఆ చచ్చిన పాము ప్రభుత్వ ఆస్తి, దాని చర్మం తీసి దాచుకోకూడదు.

కానీ తన దారిన తాను పోతున్న జెర్రిపోతుని కాలవ గట్టు దాకా తరిమి, నలుగురు చుట్టూ చేరి కొట్టడం ఆత్మరక్షణ కిందకి రాదు. ప్రమాదం మన మీదకి వచ్చిందా, మనమే దాని మీదకి వెళ్ళామా అన్నదే తేడా.

ఇంట్లోకి వస్తే ఏం చెయ్యాలి?

మనం ఇంజినీరింగు వాళ్ళం కాబట్టి ఒక ఫ్లోచార్టులా గుర్తుపెట్టుకుందాం.

మొదటి ప్రశ్న: పాము ఆరుబయట ఉందా, ఇంటి లోపలా?

ఆరుబయట, చేలోనో పెరటి చివరో ఉంటే దానికి దారి వదిలెయ్యండి. అది ఎలుక కోసమో నీడ కోసమో వచ్చి ఉంటుంది. చాలాసార్లు కాసేపట్లో తనే వెళ్ళిపోతుంది. పిల్లల్నీ కుక్కల్నీ లోపలికి తీసుకెళ్ళి, దూరం నుంచి గమనిస్తే చాలు.

ఇంటి లోపల ఉంటే:

1. ఆగండి. అరవకండి, ఏదీ విసరకండి. మామూలుగా పాము తన పొడవులో సగానికి మించి దూరాన్ని కాటుతో అందుకోలేదు. కనీసం పది అడుగుల దూరంలో ఉంటే మీకు ప్రమాదం లేదు.

2. పిల్లల్ని, పెద్దవాళ్ళని, పెంపుడు జంతువుల్ని ఆ గదిలోంచి బయటకి పంపండి.

3. మిగతా గదుల్లోకి వెళ్ళే తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డో గోనెసంచో దోపండి. వీధివైపు తలుపు ఉంటే తెరిచి ఉంచండి. దారి దొరికితే అదే పోవచ్చు.

4. ఒక్కరు మాత్రం దూరం నుంచి దాని మీద కన్నేసి ఉంచాలి. ఎక్కడ దూరిందో తెలియకపోతే పట్టేవాళ్ళొచ్చినా లాభం లేదు.

5. అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి. నంబరు లేకపోతే 112కి చేసి చెప్పండి. అటవీశాఖ గుర్తింపు ఉన్న స్నేక్ క్యాచర్లు ఉంటారు, వాళ్ళనే అడగండి. పాముని ఆడించి చూపించేవాడిని, ఫొటోల కోసం మెడలో వేసుకునేవాడిని పిలవకండి.

6. కిరసనాయిలు, ఫినాయిలు, వెల్లుల్లి నీళ్ళు పొయ్యకండి. వాటితో పాము పారిపోతుందని నమ్మకం లేదు. కంగారుపడి మంచం కిందకి దూరితే పని మరీ కష్టం.

రొయ్యల చెరువులున్న ఊళ్ళలో ఇంకో సమస్య ఉంది. చెరువు చుట్టూ కట్టిన నైలాన్ వలల్లో పాములు చిక్కుకుంటాయి. ముందుకే పోవాలని చూసే కొద్దీ పోగు ఒంట్లోకి కోసుకుపోతుంది. జాలిపడి చేత్తో విడిపించబోతే కాటు ఖాయం. దాని మీద ఒక గోనెపట్టా నీడగా వేసి, శిక్షణ ఉన్నవాళ్ళని పిలవడమే మార్గం.

పట్టుకుని ఎక్కడో దూరంగా వదిలేస్తే?

ఇది విన్నంత దయగల పని కాదు. పాముకి తన చోటు తెలుసు: ఏ బొరియలో తల దాచుకోవాలి, నీళ్ళెక్కడ, ఎలుకలెక్కడ. దాన్ని ముప్ఫై కిలోమీటర్ల దూరంలో తెలియని అడవిలో వదిలితే దిక్కు తెలియక తిరుగుతూ రోడ్డు మీదో, ఇంకొకరి ఇంట్లోనో ప్రాణం పోగొట్టుకోవచ్చు. అందుకే దొరికిన చోటుకి దగ్గర్లోనే, జనం తిరగని గట్టు మీదో తుప్పల్లోనో వదలడం మేలంటారు. ఎక్కడ వదలాలన్నది అటవీశాఖ వాళ్ళు చూసుకుంటారు, మన పని కాదు.

ఇలాంటి చిక్కు ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇళ్ళ పక్క చెరువుల్లోకి, ఈతకొలనుల్లోకి ఎలిగేటర్ మొసళ్ళు వస్తాయి. 4 అడుగులు, అంతకు పైన ఉండి, మనుషులకి ప్రమాదమనిపిస్తే రాష్ట్ర వన్యప్రాణి శాఖకి ఫోన్ చెయ్యాలి. వాళ్ళు లైసెన్సున్న ట్రాపర్ని పంపిస్తారు. సొంతంగా చంపడం, పట్టడం నేరం. వాటికి తిండి వెయ్యడం కూడా నేరమే, ఎందుకంటే మనిషిని చూస్తే తిండి గుర్తొచ్చే మొసలే తర్వాత మీదపడేది. అక్కడ అలా పట్టిన పెద్ద మొసళ్ళని చాలావరకు చంపేస్తారు. దూరంగా వదిలితే పాత చోటుకే తిరిగొస్తాయన్నది వాళ్ళ అనుభవం. మన దేశంలో వడోదరలో విశ్వామిత్రి నది పొంగినప్పుడు కాలనీల్లోకి మొసళ్ళొస్తే, అటవీశాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి పట్టి, నీరు తగ్గాక నదిలోనే వదులుతారు. రెండు చోట్లా పద్ధతులు వేరు, సూత్రం ఒకటే: పట్టే పని తెలిసినవాళ్ళది, దూరంగా ఉండి సమాచారం ఇచ్చే పని మనది.

కాటు పడితే

ఈ భాగం మాత్రం అమ్మానాన్నలకి చదివి వినిపించండి.

తాడుతో గట్టిగా కట్టకండి, రక్తం ఆడక కాలే పోవచ్చు. బ్లేడుతో కొయ్యకండి, నోటితో పీల్చకండి. పసరు, మంత్రం, నల్లరాయి దగ్గర గంటలు పోగొట్టుకోకండి. వాటితో బతికినవాళ్ళున్నారు, నిజమే. వాళ్ళని కరిచింది విషం లేని పామయినా అయ్యుండాలి, లేదా కరిచినా విషం ఎక్కించని కాటయినా అయ్యుండాలి. మంత్రగాడి పేరు నిలబడేది అలాగే.

చెయ్యవలసింది: ధైర్యం చెప్పండి. ఉంగరాలు, పట్టీలు, గాజులు తీసేయండి, తర్వాత వాపులో ఇరుక్కుపోతాయి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్ద పెట్టి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూడండి. నడిపించకండి. కరిచిన టైము గుర్తుపెట్టుకోండి. 108కి ఫోన్ చెయ్యండి, అది ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన బండిలో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి బయల్దేరండి.

పాముని వెతికి చంపి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన అవసరం లేదు. మన దేశంలో వాడే విరుగుడు మందు ఆ నాలుగు పాముల విషానికీ కలిపి తయారు చేసిందే. పాముని పట్టే ప్రయత్నంలో రెండో మనిషి కాటు తినడం తప్ప లాభం ఉండదు.

ఆస్పత్రిలో చేసే ఒక పరీక్ష నాకు భలే నచ్చింది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచుతారు. తర్వాత వంచి చూస్తారు. గడ్డ కట్టకుండా జారిపోతే రక్తపింజర లాంటి పాము విషం ఒంట్లో పనిచేస్తున్నట్టు. కరెంటు లేకపోయినా పల్లెటూరి ఆస్పత్రిలో కూడా చెయ్యొచ్చు.

విరుగుడు మందు ఎలా తయారవుతుందో కూడా చెప్పాలి. కొద్దికొద్దిగా విషాన్ని గుర్రాలకి ఎక్కిస్తారు. వాటి ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాల్ని రక్తంలోంచి వేరు చేసి మందు చేస్తారు. ఆ విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గరున్న ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. అది 1978లో మొదలైంది, దాని వెనకున్నది పాముల నిపుణుడు రోములస్ విటేకర్. అనుమతితో పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. మనల్ని బతికించే మందుకి ముడిసరుకు ఆ పాము కోరల్లోనే ఉందన్నమాట.

రాకుండా చూసుకోవడం

పాము మన కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. ధాన్యం బస్తాలు గోడకి ఆనించకుండా బల్ల మీద పెట్టడం, వంటింటి తూముకి జల్లెడ బిగించడం, తలుపు కింద సందు మూయడం, పిడకలూ కట్టెలూ ఇంటి గోడకి దూరంగా పేర్చడం, కోళ్ళగూడు పడకగదికి దూరంగా ఉంచడం. ఇవే అసలు మందులు. రాత్రి బయటకెళ్తే టార్చి, చెప్పులు. వాకిట్లో విడిచిన బూట్లు దులిపి తొడుక్కోవడం. నేల మీద కాకుండా మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకి దోపుకుని పడుకుంటే కట్లపాము భయం చాలావరకు పోయినట్టే.

హాస్టల్లో మనమూ తక్కువ తినలేదు. మెస్ వెనక తిండి పారబోస్తే ఎలుకలు, ఎలుకలొస్తే పాములు. తర్వాత "క్యాంపస్‌లో పాములు" అని గ్రూపులో ఫొటోలు.

పుట్టలో పాలు, గట్టుమీద కర్ర

నాగుల చవితికి మన జిల్లాలో పుట్ట దగ్గర పాలు పొయ్యని ఇల్లు అరుదు. మోపిదేవిలో స్వామి లింగం కింద పానవట్టమే చుట్టలు చుట్టుకున్న సర్పం. అదే ఊళ్ళల్లో మర్నాడు పాము కనపడితే కర్ర తీస్తాం, పైగా వదిలేస్తే పగబడుతుందని భయం. పాముకి ముఖాలు గుర్తుపెట్టుకుని పన్నెండేళ్ళు తిరిగే తెలివి లేదు, అది సినిమాల చలవ. పాము పాలు తాగే జంతువు కూడా కాదు. భక్తిని నేను తప్పుపట్టను. పండగ రోజు చూపించే ఆ గౌరవంలో పదో వంతు మిగతా రోజుల్లో కూడా చూపించి, దానికి దారి వదిలితే చాలు.

అయితే ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. పాముల్ని కాపాడాలని లాప్‌టాప్ ముందు కూర్చుని రాయడం తేలిక. కాటు తినేది నాట్లకెళ్ళే కూలీ, మినుము పీకే అమ్మ, పశువులకి గడ్డి లాగే తాతయ్య. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్క ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారు, అంటే ఏడాదికి సగటున 58,000. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2030 నాటికి ఈ మరణాల్ని సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. కూలీ కాళ్ళకి బూట్లు, పడుకోవడానికి మంచం, దగ్గర్లో మందు ఉంటేనే "పాముని చంపొద్దు" అనే మాటకి ఊళ్ళో విలువ ఉంటుంది. అవి లేకుండా చట్టం మాత్రమే చూపిస్తే వినేవాళ్ళుండరు.

కాబట్టి ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మూడు పనులు చెయ్యండి. మీ మండలానికి సంబంధించిన అటవీశాఖ ఆఫీసు నంబరు కనుక్కుని ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చెయ్యండి. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి పాముకాటు మందు ఎన్ని వయల్స్ ఉన్నాయో, రాత్రిపూట డాక్టరుంటారో లేదో అడగండి. మొదటి విడతకే 8 నుంచి 10 వయల్స్ కావాలి కాబట్టి రెండో మూడో ఉన్నాయంటే పెద్దాస్పత్రి దారి ముందే ఆలోచించుకోవాలి. నేలమీద పడుకునే అమ్మమ్మకో తాతయ్యకో ఒక దోమతెర కొనిపెట్టండి. మన స్టైపెండ్లూ పాకెట్ మనీలూ అందుకు సరిపోతాయి.